మిడ్‌ఫీల్డ్‌లో ఆడే అమ్మాయికి ఎవరి ఆట చూపించాలి? నేనైతే జెనిఫర్ మరోజాన్ ఆట చూపిస్తాను

పదమూడేళ్ల మీ అమ్మాయి స్కూలు ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్యలో ఆడి, వెనకాల వాళ్లకీ ముందు వాళ్లకీ మధ్య బంతి నడిపే క్రీడాకారిణి), గోల్ కొట్టే పిల్లలకే చప్పట్లన్నీ పోతున్నాయని దిగులు పడుతోంది, జర్మనీ వాళ్ల ఆట చూపించమని కోచ్ చెప్పారు, ఎవరితో మొదలుపెట్టాలి అని అడిగారు. నేను ఇంకో పేరు వెతక్కుండా జర్మనీ మిడ్‌ఫీల్డర్ జెనిఫర్ మరోజాన్ అంటాను. పతకాల కోసం కాదు, పతకాలు కావలసినన్ని ఉన్నాయి. మిడ్‌ఫీల్డర్ అసలు పని బంతి కాళ్ల దగ్గరికి రాకముందే సగం అయిపోతుంది. ఆ పని కళ్లారా చూడాలంటే ఆమెకంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఉద్యోగం మీద ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న రోజుల్లో నాకు ఆమె ఆట తెలిసింది. అప్పుడు ఆమె 1. ఎఫ్‌ఎఫ్‌సి ఫ్రాంక్‌ఫర్ట్ అనే మహిళల క్లబ్‌కు ఆడేది. మ్యాచ్‌లు బ్రెంటానోబాడ్ అనే చిన్న స్టేడియంలో, పక్కనే ఊరి వాళ్లంతా ఈతకు వచ్చే పెద్ద కొలను. ఆ చుట్టుపక్కల ఉండే సహోద్యోగి ఒకాయన తన కూతుర్ని తీసుకెళ్తూ నన్ను కూడా రమ్మన్నాడు. పక్క గీతకు ఎంత దగ్గరగా నిలబడతామంటే క్రీడాకారిణులు ఒకరినొకరు పిలుచుకునే కేకలన్నీ వినిపిస్తాయి. అందరూ బంతి వెంట చూస్తుంటే ఆ పాప మాత్రం పదో నంబర్ అమ్మాయిని, అంటే మరోజాన్‌నే చూస్తోంది. నేనూ అటే చూశాను.

మరోజాన్ మెడ ఊరుకోదు. బంతి ఇంకా తన డిఫెండర్ దగ్గరే ఉంటుంది, ఈమె ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తుంది. బంతి దారిలో ఉండగా ఇంకోసారి చూస్తుంది. అందేసరికి వెనకాల ఎవరున్నారో, ఎంత ఖాళీ ఉందో ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. అందుకే మొదటి టచ్‌తోనే బంతిని ఎదుటివాళ్లు లేని వైపు నడిపిస్తుంది. బంతిని ఆపి, తలెత్తి, ఎవరికివ్వాలా అని వెతుక్కోవడం ఉండదు. పరుగులో ఆమెను మించిన వాళ్లు ఆ మైదానంలోనే చాలామంది ఉండేవాళ్లు. అయినా వాళ్ల చేతికి చిక్కేది కాదు, ఎందుకంటే వాళ్లు వచ్చేసరికి బంతి వెళ్లిపోయి ఉండేది.

ఇక ఆమె ప్రయాణం. 1992లో బుడాపెస్ట్‌లో పుట్టింది. తండ్రి యానోష్ హంగరీ జాతీయ జట్టుకు ఆడినవాడు. ఆయన ఆట వల్లే ఆమెకు నాలుగేళ్లప్పుడు కుటుంబం జర్మనీలోని సార్‌బ్రూకెన్‌కు చేరింది. అక్కడి క్లబ్ తరఫున పద్నాలుగేళ్ల ఏడు నెలల వయసులో జర్మనీ అగ్రశ్రేణి లీగ్ అయిన మహిళల బుండెస్‌లీగాలో అడుగుపెట్టింది. అప్పటికి ఆ లీగ్‌లో అంత చిన్న వయసులో ఆడినవాళ్లు లేరు. ఇంచుమించు మీ అమ్మాయి వయసే కదా! పోలిక పెట్టి పిల్లను టెన్షన్ పెట్టడానికి చెప్పట్లేదండి, ఆ వయసులో పెద్దవాళ్ల మధ్య ఒళ్లు బలంతో నెగ్గడం కుదరదు కాబట్టి కళ్లకే ముందు పని చెప్పాల్సి వచ్చి ఉంటుందని నా అభిప్రాయం. 2009లో ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చింది. 2010లో అండర్-20 ప్రపంచకప్ గెలిచిన జర్మనీ జట్టులో ఉంది. 2012లో అదే టోర్నీ ఫైనల్‌లో జర్మనీ ఓడిపోయినా ఉత్తమ క్రీడాకారిణి బహుమతి ఆమెకే ఇచ్చారు.

కానీ సొంతగడ్డ మీద 2011లో జరిగిన ప్రపంచకప్‌కు మోకాలి గాయం వల్ల ఆడలేకపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆమె కెరీర్ అంతా ఇలాగే నడిచింది. ఒక పెద్ద విజయం, వెంటనే ఒక దెబ్బ.

2013 యూరోలో, అంటే యూరప్ దేశాల చాంపియన్‌షిప్‌లో, సెమీఫైనల్ స్వీడన్‌తో, అదీ స్వీడన్‌లోనే, యోతెబోరిలో. జర్మనీ 1-0తో గెలిచింది, ఆ ఒక్క గోల్ మరోజాన్‌ది. ఫైనల్‌లో నార్వే మీద అన్యా మిట్టాగ్ గోల్ కొడితే, గోల్‌కీపర్ నాదీన్ ఆంగెరర్ రెండు పెనాల్టీలు ఆపి కప్పు దక్కించింది. 2015లో బెర్లిన్‌లో పారిస్ క్లబ్ పీఎస్‌జీని 2-1తో ఓడించి ఫ్రాంక్‌ఫర్ట్ చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్‌ల పెద్ద టోర్నీ) గెలిచింది. గెలుపు గోల్ చివరి క్షణాల్లో మాండీ ఇస్లాకర్ కొట్టింది. మర్నాడు ఆఫీసులో ఫుట్‌బాల్ ఊసెత్తని వాళ్లు కూడా ఆ గోల్ గురించే మాట్లాడారు. ఆ క్లబ్ ఇప్పుడు ఆ పేరుతో లేదు, 2020లో ఐంట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో కలిసిపోయింది. ఆ కలయిక అవసరమేనని ఒప్పుకుంటాను, కానీ మహిళల ఆట కోసమే పుట్టి, పెద్ద మగ క్లబ్ అండ లేకుండా యూరప్‌ను గెలిచిన పేరు పోయిందని నాకు ఇప్పటికీ బాధే.

మీ అమ్మాయికి మొదట చూపించాల్సింది 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్. మారకానా మైదానం, ఎదురుగా స్వీడన్. మొదటి సగం గోల్ లేదు. 48వ నిమిషంలో పెనాల్టీ ఏరియా అంచు నుంచి మరోజాన్ బంతిని వంపు తిప్పి పై మూలకు పంపింది. గట్టిగా బాదలేదు, పంపింది. గోల్‌కీపర్ దూకినా అందలేదు. 62వ నిమిషంలో ఆమె కొట్టిన ఫ్రీకిక్ పోస్టుకు తగిలి, తిరిగొచ్చి, స్వీడన్ డిఫెండర్ లిండా సెంబ్రాంట్ కాలికి తగిలి గోల్‌లోకి వెళ్లింది. స్కోరు పట్టికలో అది సెల్ఫ్ గోల్. మరోజాన్ పేరు అక్కడ కనిపించదు. 2-1తో జర్మనీ మహిళలకు ఫుట్‌బాల్‌లో తొలి ఒలింపిక్ స్వర్ణం వచ్చింది. చప్పట్లు ఎవరికి పోతున్నాయని దిగులు పడే పిల్లకు ఆ రెండో గోల్ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూపించండి. అది ఎవరి పని అని అడగండి. ఆ టోర్నీలో 5 గోల్స్‌తో అందరికంటే ఎక్కువ కొట్టిన మెలానీ బెరింగర్ కూడా మిడ్‌ఫీల్డరే, ఆ సంగతి కూడా చెప్పండి.

అదే ఏడాది మరోజాన్ ఫ్రాన్స్‌లోని లియోన్ క్లబ్‌కు వెళ్లింది. ఆ జట్టు గురించి రాస్తే వేరే జవాబు అవుతుంది. అమాండీన్ ఆన్రీ, సాకి కుమగాయ్, ఎజెనీ లె సోమర్, అడా హెగర్‌బెర్గ్, వెనకాల ఆరడుగుల పైనున్న వెండీ రెనార్. కార్నర్ (మైదానం మూల నుంచి కొట్టే కిక్) వచ్చిందంటే మరోజాన్ బంతి పెట్టడం, రెనార్ తల ఎత్తడం, అవతలి జట్టుకు ముచ్చెమటలు. లియోన్‌లో ఉండగా 2017, 2018, 2019, 2020, 2022 చాంపియన్స్ లీగ్‌లు గెలిచింది. 2017 నుంచి వరుసగా మూడేళ్లు జర్మనీలో ఆ ఏటి మేటి క్రీడాకారిణి ఆమే. 2018లో ప్రపంచ మేటి ఫుట్‌బాలర్‌కు ఇచ్చే బాలన్ డోర్ అవార్డును మహిళలకు తొలిసారి ఇచ్చినప్పుడు మూడో స్థానంలో నిలిచింది.

అదే 2018 జూలైలో ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టింది. ఇది ప్రాణం తీయగల జబ్బు. రక్తం పలచబడే మందులు వాడుతూ, ఒకరినొకరు గుద్దుకునే ఆట ఆడటం కుదరదు కాబట్టి, నెలల తరబడి మ్యాచ్‌లకు దూరంగా ఉంది. మా బంధువుల్లో ఒకావిడకు అదే వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం తగ్గడానికే చాలా కాలం పట్టింది. అందుకే ఆ ఏడాది చివరికల్లా మరోజాన్ మళ్లీ లియోన్ జెర్సీలో కనిపించినప్పుడు స్కోరు ఎంతో కూడా నేను పట్టించుకోలేదు.

తర్వాతి మేలో చాంపియన్స్ లీగ్ ఫైనల్ ఎక్కడ జరిగిందో చూడండి, ఆమె పుట్టిన బుడాపెస్ట్‌లో. బార్సెలోనా మీద 5వ నిమిషంలోనే మొదటి గోల్ ఆమెది. లియోన్ 4-1తో గెలిచింది. నెల తిరక్కుండా ప్రపంచకప్ మొదటి మ్యాచ్‌లో చైనా మీద ఆడుతుంటే కాలి వేలు విరిగింది, అయినా మ్యాచ్ మొత్తం ఆడేసింది. తర్వాత కొన్ని మ్యాచ్‌లు బెంచీ మీద. క్వార్టర్‌ఫైనల్‌లో స్వీడన్ మీద రెండో సగంలో దింపారు, కానీ జర్మనీ 2-1తో ఓడిపోయింది. ఆమె బాగుండి ఉంటే ఆ ప్రపంచకప్ వేరేగా ఉండేదని నేను గట్టిగా నమ్ముతాను.

2022 ఏప్రిల్‌లో సెర్బియాతో క్వాలిఫయర్‌లో మోకాలిలో లిగమెంట్ తెగింది. ఆ వేసవి యూరో పోయింది. కోలుకుని వచ్చాక, 2023 ఏప్రిల్‌లో న్యూరెంబెర్గ్‌లో బ్రెజిల్ మీద ఆడి జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పింది. 112 మ్యాచ్‌లు, 33 గోల్స్. 33 గోల్స్ తక్కువేం కాదు, కానీ ఆమె విలువ ఆ అంకెలో వెతికితే దొరకదు.

చూపించే పద్ధతి కూడా చెప్తాను. హైలైట్స్ వద్దు. అందులో గోల్స్ తప్ప ఏమీ ఉండవు, మీ అమ్మాయి దిగులు ఇంకా పెరుగుతుంది. పూర్తి మ్యాచ్ దొరికితే ఒక పది నిమిషాల ముక్క తీసుకోండి. మరోజాన్‌కు పాస్ వస్తోంది అనగానే వీడియో ఆపి, "ఇప్పుడు ఎటు తిప్పుతుంది?" అని అడగండి. పిల్ల చెప్పాక మళ్లీ నడపండి. మా అపార్ట్‌మెంట్ పిల్లలతో ఆదివారాలు ఇదే చేస్తాను. మొదట్లో అందరూ బంతినే చూస్తారు, కొన్ని వారాలకు మైదానం చూడటం మొదలవుతుంది. గ్రౌండ్‌లో మీరు చప్పట్లు కొట్టాల్సింది కూడా గోల్‌కు కాదు, బంతి అందుకునే ముందు మీ అమ్మాయి వెనక్కి తిరిగి చూసినప్పుడు. ఆ ఒక్క అలవాటు మీరు గమనిస్తున్నారని తెలిస్తే చాలు, మిగతాది కోచ్ చూసుకుంటారు.

మీ అమ్మాయికి పాస్‌ల కంటే ఎదుటివాళ్ల దగ్గర బంతి లాక్కోవడమే ఇష్టమైతే మాత్రం మరోజాన్ తర్వాత వెంటనే లేనా ఓబర్‌డార్ఫ్ ఆట పెట్టండి. 2022 యూరోలో ఉత్తమ యువ క్రీడాకారిణి ఆమే. అది వేరే రకం మిడ్‌ఫీల్డ్, జట్టుకు రెండూ కావాలి. మీ అమ్మాయి జట్టులో ఏ స్థానంలో, ఎంతమంది మిడ్‌ఫీల్డర్లతో ఆడుతుందో కింద రాస్తే, దానికి తగ్గ మ్యాచ్‌లు ఇంకొన్ని చెప్తాను.