ధ్రువపత్రం మీది తేదీ

ప్రియమైన తమ్ముడికి,

అమెరికా ఇతర దేశాల సైన్యాలకు ఇచ్చే సాయంపై అక్కడి చట్టసభల అదుపు గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మధ్య అమెరికా దేశమైన ఎల్ సాల్వడార్‌లో ఎల్ మొసోతే అనే ఊళ్లో జరిగిన ఊచకోతను వర్ణించిన మొదటి మూడు పేజీల్లో నీ ఆవేదన నిజమైనదే గాని, "ఘోరం", "అమానుషం", "నరమేధం" అన్న మాటల రద్దీలో మనుషులు కనబడకుండా పోయారు. అసలు సంగతి, అంటే ఆ సాయం ఏ కాగితం మీద, ఎవరి సంతకంతో సాగిందన్నది, చివరి పేజీలో రెండు వాక్యాలకు కుదించుకుపోయింది. వ్యాసాన్ని ఆ చివరి పేజీ నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి.

1981 డిసెంబరులో, సాల్వడార్ సైన్యంలో అమెరికా శిక్షణ పొందిన అట్లకాట్ల్ పటాలం ఆ ఊరివాళ్లను చంపింది. అదే నెలాఖరున అమెరికాలో అమల్లోకి వచ్చిన చట్టంలో ఒక షరతు ఉంది: సాల్వడార్ ప్రభుత్వం మానవ హక్కులను పాటించడానికి గట్టి ప్రయత్నం చేస్తోందని అధ్యక్షుడు ఆరు నెలలకోసారి ధ్రువీకరిస్తేనే సైనిక సాయం కొనసాగుతుంది. ఊచకోత వార్త న్యూయార్క్ టైమ్స్, వాషింగ్టన్ పోస్ట్ పత్రికల్లో 1982 జనవరి 27న వచ్చింది. మర్నాడే, 28న, అధ్యక్షుడు రీగన్ ధ్రువీకరించారు. ఈ రెండు తేదీలూ నీ వ్యాసంలో ఎక్కడా లేవు. ఆ తర్వాత విచారణకని అక్కడి అమెరికా రాయబార కార్యాలయం నుంచి బయలుదేరిన ఇద్దరు అధికారులు ఆ ఊళ్లో అడుగు పెట్టనేలేదు. అయినా ప్రభుత్వ బలగాలు పథకం ప్రకారం పౌరులను చంపాయనడానికి ఆధారం దొరకలేదని విదేశాంగ శాఖ ఫిబ్రవరిలో ప్రతినిధుల సభ ఉపసంఘానికి చెప్పింది. 1983లో ఆ షరతును పొడిగించే బిల్లు వస్తే రీగన్ సంతకం పెట్టకుండా వదిలేసి దాన్ని ఆపేశారు.

1992లో ఫోరెన్సిక్ నిపుణులు ఎల్ మొసోతే చర్చి పక్కనున్న గదిని తవ్వారు. అక్కడ బయటపడిన 143 మంది అవశేషాల్లో 131 పన్నెండేళ్ల లోపు పిల్లలవి. పేలిన తూటాల ఖాళీ తొడుగులు 245 దొరికితే, వాటిలో 184 తొడుగుల అడుగున ముద్ర చదవడానికి వీలైంది: అవి మిస్సోరీ రాష్ట్రంలోని లేక్ సిటీలో అమెరికా ప్రభుత్వం కోసం తయారైనవి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి ఊరుకో, విశేషణం వెయ్యకు.

ఇక లేహీ చట్టం. వెర్మాంట్ రాష్ట్ర మాజీ సెనేటర్ పాట్రిక్ లేహీ పేరుతో 1997 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన ప్రకారం, ఒక దళం చిత్రహింసలు, చట్టవిరుద్ధ హత్యలు, అత్యాచారాలు, మనుషులను మాయం చేయడం వంటి తీవ్ర ఉల్లంఘనలకు పాల్పడిందని విశ్వసనీయ సమాచారం ఉంటే ఆ దళానికి సాయం అందకూడదు. "సాయం ఆగిపోతుంది" అని నువ్వు రాశావు. వెనక నేనూ అలాగే రాస్తే ఒక పాఠకుడు పోస్టుకార్డు మీద ఒకటే ప్రశ్న పంపాడు: "ఎవరికి ఆగుతుంది, దేశానికా, దళానికా?" ఆ కార్డు నా దగ్గర ఇంకా ఉంది. దోషులను శిక్షించడానికి ఆ ప్రభుత్వం సరైన చర్యలు తీసుకుంటోందని విదేశాంగ మంత్రి తేలిస్తే దళానికి మళ్లీ దారి తెరుచుకుంటుంది. ఇదే నిబంధనకు రక్షణ శాఖ నిధుల కోసం ఉన్న వేరే సెక్షన్‌లో అయితే అసాధారణ పరిస్థితుల పేరుతో రక్షణ మంత్రి నిషేధాన్నే పక్కన పెట్టవచ్చు. శిక్షణకు పిలిచేటప్పుడు పేర్లు ముందే వస్తాయి కాబట్టి తనిఖీ సాధ్యం. ఆయుధాలు సైన్యం మొత్తానికి కలిపి ఇచ్చినప్పుడు ఏ తుపాకీ ఏ దళం చేతికి చేరుతుందో ఎవరు చెప్పగలరు? పైగా ఆ దేశాలు సొంత డబ్బుతో కొనుక్కునే ఆయుధాలకు ఈ నిబంధన వర్తించదు. ఎక్కువ చోటు ఈ సందులకే ఇవ్వాలి. కొత్త చట్టం కావాలని నువ్వు అడుగుతున్నావు గనక, ఏ సందును ఏ మాటతో మూయాలో చెప్పకపోతే అడిగినట్టే కాదు.

భాష సంగతి ఒకటి. "పౌరులు ప్రాణాలు కోల్పోయారు", "సాయం కొనసాగింది" వంటి కర్త లేని వాక్యాలు నీ వ్యాసంలో పదిహేడున్నాయి, లెక్కపెట్టాను. "ఎన్‌కౌంటర్‌లో మరణించారు" అన్న పత్రికా వాక్యాన్ని దశాబ్దాలుగా చదువుతున్న తెలుగు పాఠకుడికి ఆ ఖాళీ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు, కానీ నువ్వు ఆ ఖాళీని వాడుకోకూడదు. ఎవరు చంపారో, ఎవరు సంతకం పెట్టారో, ఎవరు వినీ ఊరుకున్నారో ప్రతి వాక్యంలోనూ రాయి.

"విశ్వసనీయ సమాచారం" అన్న మాట చట్టంలో ఏ స్థాయి రుజువును అడుగుతుందో ఒక పేరా చేర్చు. కోర్టులో నిలబడే సాక్ష్యానికీ దానికీ తేడా నీకు కూడా స్పష్టంగా లేదనిపించింది. అది సరిచేశాక, మొదటి మూడు పేజీలూ ఒక పేజీకి తగ్గించి, నెలలోపు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య