‘అరుగుదల’ ఒక్కటే చాలదు

సందేహం: భూమి సంగతులు బొత్తిగా తెలియని కొత్తవారి కోసం చిన్న వ్యాసాలు రాస్తున్నాను. ‘శైథిల్యం’, ‘క్రమక్షయం’ అన్న మాటలు రాగానే చదివేవాళ్ళు అక్కడే ఆగిపోతున్నారు. అందుకని రెంటికీ ‘అరుగుదల’ అని రాశాను. భూశాస్త్రం చదివిన మిత్రుడు అది తప్పన్నాడు. నిజమేనా? ‘అవక్షేప శిల’కు తేలిక మాట ఉందా? భూకంపం ‘తీవ్రత’, ‘పరిమాణం’ ఒకటేనా?

సమాధానం: మీ మిత్రుడు అన్నది నిజమే. అలాగని తేలిక మాట కోసం మీరు వెతకడం తప్పు కాదు, వెతకవలసిందే. దొరికిన మాట రెండు వేరువేరు పనులను ఒకటి చేసేయడం దగ్గరే చిక్కు వచ్చింది.

శైథిల్యంలో రాయి ఉన్నచోటే చెడుతుంది. క్రమక్షయంలో చెడిన ముక్క అక్కణ్ణించి వెళ్ళిపోతుంది. ‘అరుగుదల’ ఈ రెంటిలో దేన్నీ పూర్తిగా పట్టుకోదు, ఎందుకంటే అరగడంలో ఒరిపిడి ఉంది. చెప్పు అరుగుతుంది, మెట్టు అరుగుతుంది. రాతి బీటలో చేరిన నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి ఆ రాతిని చీలుస్తుంది. అందులో ఒరిపిడి ఎక్కడుంది? కార్బన్ డయాక్సైడ్ కలిసి కొద్దిగా ఆమ్లమైన వాననీరు సున్నపురాతిని కరిగిస్తుంది. దాన్నీ అరగడం అనలేం.

సంస్కృతంలో ‘శిథిలం’ అంటే సడలినది, పట్టు తప్పినది. రాతిలో రేణువుల పట్టు సడలడానికి శైథిల్యం ఎంతో చక్కని పేరు. అయితే తెలుగులో శిథిలం అనగానే పాడుబడ్డ కోట కళ్ళముందుకొస్తుంది, అసలు అర్థం మరుగున పడిపోతుంది. ‘క్రమక్షయం’ మాత్రం నాకు మొదటినుంచీ నచ్చని మాట. మెల్లగా తరిగిపోవడం అని చెప్పి ఊరుకుంటుంది, ఎవరు మోసుకుపోతున్నారో చెప్పదు. ‘ఏరు గట్టును కోసుకుపోయింది’ అన్న వాక్యంలో కోసినదెవరో, పోయినదేమిటో రెండూ ఉన్నాయి. కనుక క్రమక్షయం దగ్గర ‘కోత’ నిస్సంకోచంగా వాడండి.

శైథిల్యానికి మాత్రం ఒక్క పేరు కోసం వెతక్కండి. మనకు క్రియలు పుష్కలంగా ఉన్నాయి, వాటిని పనిలోకి దించండి. నీరు గడ్డకట్టినప్పుడు రాయి బీటలువారుతుంది. పైనున్న బరువు తొలగిపోయిన గ్రానైటు కొండ పెచ్చులూడుతుంది. ఆ గ్రానైటులోని ఫెల్డ్‌స్పార్ ఖనిజం నీటి వల్ల మెల్లగా బంకమన్నుగా మారితే రాయి గుల్లబారుతుంది. ఈ మూడూ మూడు వేరువేరు ప్రక్రియలు. శాస్త్రం చూపే తేడాలను మన క్రియలు ఎప్పుడో పట్టుకున్నాయి! ముందు ఈ క్రియలతో కథ నడిపించి, ఆ తరువాత ‘దీన్నే శైథిల్యం అంటారు’ అని పేరు పెడితే ఎవరూ ఆగిపోరు.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమో అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ చూపిస్తుంది. దాని పొడవు సుమారు 446 కిలోమీటర్లు, లోతు సుమారు 1.6 కిలోమీటర్లు, వెడల్పు కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల దాకా ఉంటుంది. లోతు ప్రధానంగా కొలరాడో నది కోత. కాని నది అంత వెడల్పు లేదే! గోడలు బీటలువారి, విరిగిపడి, పక్క వాగులు ఆ రాళ్ళను ఈడ్చుకుపోతూ ఉంటే లోయ వెడల్పైంది. అంతటినీ ‘అరుగుదల’ అంటే చదివేవాడికి నది ఒక్కటే కనిపిస్తుంది.

ఇక అవక్షేపం. ‘క్షిప్’ అంటే విసరడం, వేయడం. క్షిపణి, సంక్షిప్తం, నిక్షేపం, ఆక్షేపణ అన్నీ ఆ ఇంటి మాటలే. ‘అవ’ అంటే కిందికి. కాబట్టి కిందికి వేసినది అవక్షేపం. వేగం తగ్గుతున్నకొద్దీ నది ముందు గులకరాళ్ళను, తరువాత ఇసుకను, చివరికి బురదను దించేస్తుంది. ఈ దించడానికి మనకు ‘మేట’ అనే బంగారంలాంటి మాట ఉంది. అలా వేసిన మేట గట్టిపడి రాయి అయితే అది అవక్షేప శిల. అయినా ‘మేటరాయి’ అని కొత్తగా పుట్టించమని మీకు చెప్పను. సముద్రపు నీరు ఇగిరిపోగా మిగిలిన రాతి ఉప్పు కూడా అవక్షేప శిలే, దాన్ని ఏ నదీ మేట వేయలేదు. మేటతో బోధపరచి, అవక్షేప శిల అన్న పేరును అలాగే ఉంచండి. (ఇసుక అన్నాను కదా, భూశాస్త్రంలో అది పదార్థం పేరు కాదు. మిల్లీమీటరులో 16వ వంతు మొదలు 2 మిల్లీమీటర్ల దాకా ఉన్న రేణువు ఏదైనా ఇసుకే, అది పగడపు పొడి అయినా సరే. ఇంటి మాట శాస్త్రంలోకి వెళ్ళి కొలత తెచ్చుకుంది.)

తీవ్రత, పరిమాణం ఒకటి కావు. ఇక్కడ ‘తీవ్రత’ అనే తేలిక మాటే దారి తప్పిస్తోంది. ‘పరిమాణం’లో ఉన్నది కొలవడం అనే అర్థమిచ్చే ‘మా’ ధాతువు. భూకంపం మొత్తానికీ ఒకటే పరిమాణం. అది ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. తీవ్రత అనేది ఒక చోట నేల ఎంత ఊగింది, ఏమేం కూలాయి అన్న లెక్క. అది చోటును బట్టి మారుతుంది, మెర్కాలీ కొలమానంలో దానికి 12 మెట్లున్నాయి. దీపం వెలుగు ఒకటే అయినా దగ్గర కూర్చున్నవాడికి ఎక్కువ, దూరాన ఉన్నవాడికి తక్కువ అందుతుంది కదా, అలాగన్నమాట. ‘రిక్టర్ స్కేలుపై తీవ్రత 7’ అని వార్తల్లో కనిపించే వాక్యంలో ‘పరిమాణం 7’ అని ఉండాలి. మీరు ఏదైనా భూకంపం గురించి రాసేటప్పుడు పరిమాణం ఒక్కసారి చెప్పి, తీవ్రత చెప్పిన ప్రతిసారీ అది ఏ చోటిదో పక్కనే రాయండి.