ఒక్క రోజులో జలపాతానికి వెళ్లి రావాలంటే వేళను ఎలా లెక్కవేసుకోవాలి?

ఉష్ణమండల అడవిలోని జలపాతానికి పిల్లలతో కలిసి ఒక్క రోజులో వెళ్లి రావచ్చా, ఏ కాలంలో వెళ్లాలి, నీటిలో దిగవచ్చా అని మీరు అడిగారు. నిశ్చింతగా వెళ్లి రావచ్చు. అయితే లెక్కను బయలుదేరే వేళతో కాకుండా తిరుగుముఖం పట్టే వేళతో మొదలుపెట్టండి. ఆ వేళను మధ్యాహ్నం 12 గంటలు దాటనివ్వకండి.

అక్కడ తెల్లవారుజామున ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా, ఎండకు నేల వేడెక్కి తేమగాలి పైకి లేవడంతో మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముకుని, పొద్దుగూకేలోపే ఉరుములతో వాన కురవడం సర్వసాధారణం. పైగా భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాలలో ఏడాది పొడవునా పగలు సుమారు 12 గంటలే ఉంటుంది, సంజవెలుగు ఎంతోసేపు నిలవదు, దట్టమైన చెట్ల కింద చీకటి ఇంకా ముందే పడుతుంది.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా అనుభవమే. ఒకసారి మేము ఆలస్యంగా బయలుదేరి, మధ్యాహ్నం రెండు గంటలకు ఇంకా మడుగు ఒడ్డునే కూర్చుని ఉన్నాము. వచ్చేటప్పుడు వాగులోని ఒక బల్లపరుపు రాయి మీద అడుగు వేసి దాటాము. అది నీటికి జానెడు పైకి ఉంది. మా మీద ఎండ కాస్తూనే ఉండగా, అంతవరకు అడుగున గులకరాళ్లు కనిపించిన నీరు మెల్లగా మట్టిరంగుకు తిరిగింది, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకురావడం మొదలైంది. వెంటనే లేచి వచ్చినా ఆ రాయి అప్పటికే మునిగిపోయి, అది ఉన్నచోట నీరు చిన్న మిట్టలా లేచి జారుతోంది. మా తల మీద ఒక్క చినుకు పడలేదు, వాన పైనున్న కొండల్లో కురిసింది. ఎత్తైన గట్టెక్కి రెండు గంటలకు పైగా ఆగి, నీరు తీసిన తర్వాతే దాటాము. వడిగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవారిని సైతం పడదోయగలదు కాబట్టి, నీటి రంగు మారినా హోరు పెరిగినా సామాను కోసం కూడా ఆగకుండా పిల్లలను గట్టు మీదికి చేర్చండి.

కాలం విషయానికి వస్తే, వానలు వెనకపట్టిన తర్వాతి కొన్ని వారాలు అన్నిటికంటే మంచివని నా అభిప్రాయం: ధార నిండుగా ఉంటుంది, దారి ఆరుతూ ఉంటుంది.

నీటిలో దిగాలనుకుంటే ధార పడే చోటికి మాత్రం వెళ్లకండి. తెల్లని నురగలో గాలి కలిసి ఉండటం వల్ల అక్కడ శరీరం సరిగా తేలదు, సుడి లోపలికి లాగుతుంది, పైనుంచి రాళ్లూ కొమ్మలూ పడవచ్చు. మడుగు చివర, ప్రవాహం నెమ్మదించిన చోట, పెద్దవారి చేతికి అందేంత దూరంలోనే పిల్లలను ఆడనివ్వండి. నీటి హోరులో కేకలు వినబడవు కనుక "వెంటనే పైకి రా" అనడానికి ఒక చేతి సైగను ముందే నేర్పండి. పాచి పట్టిన రాళ్ల మీద చెప్పులు నిలవవు, పట్టున్న రబ్బరు అడుగుల బూట్లు అవసరం.

ఒంటి మీద గాయాలున్నవారు నీటికి దూరంగా ఉండటమే మేలు, ఎందుకంటే జంతువుల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా వ్యాధి గాయాల ద్వారా సోకుతుంది. తిరిగి వచ్చిన నాలుగు వారాల లోపు ఎవరికైనా జ్వరం వస్తే, జలపాతం నీటిలో దిగిన సంగతిని వైద్యునికి తప్పక చెప్పండి.