కలువ, తామర ఒకటేనా? తేడా ఎలా తెలుస్తుంది?

ఒకటి కాదు. పువ్వు చూసి చెప్పాలనుకుంటే ఎప్పుడూ పొరబడతారు, ఆకు చూడండి. కలువ ఆకు నీటి మీద పరుచుకుని ఉంటుంది, కాడ దగ్గరి వరకు ఒక చీలిక ఉంటుంది. తామరాకు చీలిక లేకుండా గుండ్రంగా ఉంటుంది, ముదిరితే నీటి పైకి లేచి గొడుగులా నిలబడుతుంది. అసలు రెండూ చుట్టాలే కావు, తామరకు దగ్గరి బంధువు కశ్మీర్ చినార్ చెట్టు అంటే నమ్ముతారా? నిజం.

నేను కలువను చూడటం నేర్చుకున్నది అమ్మమ్మ వాళ్ళ ఊరి చెరువులో. ఎనిమిదేళ్ళప్పుడు ఒక రోజు మధ్యాహ్నం దిగి తెల్లకలువలు కోసుకొచ్చాను, అన్నీ ముడుచుకునే ఉన్నాయి. వాడిపోయాయని ఏడుస్తుంటే అమ్మమ్మ "అది రాత్రి పువ్వురా, ఎండలో పడుకుంటుంది" అని, చీకటి పడ్డాక నన్ను గట్టు మీద కూర్చోబెట్టింది. ఆ పూట చూశాను, బయటి ఆకుపచ్చ రేకులు ముందు విడి, లోపలి తెల్లవి ఒక్కొక్కటే వెనక్కి వాలడం. పొద్దెక్కేసరికి మళ్ళీ ముడుచుకుంటాయి. నీలికలువ దీనికి తలకిందులు, పగలు పూస్తుంది. రాత్రి పూసే కలువ పక్కకు కవులు చంద్రుణ్ణి ఊరికే తేలేదు.

కలువ కాడనే అటొక విరుపు, ఇటొక విరుపు విరిచి, పై తొక్క తెగకుండా లాగితే మెళ్ళో వేసుకునే దండ అవుతుంది, పువ్వే పతకం. ఈ దండ చేయడం ఇప్పుడు ఎంతమంది పిల్లలకు వచ్చో!

ఇంకో సంగతి చాలామంది గమనించరు. పూత అయిపోయాక కాడ వంగి కాయను నీళ్ళలోకి తీసుకుపోతుంది, కాయ నీటి అడుగునే పండుతుంది. అందుకే పైన కాయలు కనపడవు. తామరకాయ మాత్రం జల్లెడలా పైనే నిలబడి ఉంటుంది.

నా కోపమల్లా గుర్రపుడెక్క మీదే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఆ మొక్క ఊదా పూలను ఫోటో తీసి "కలువలు" అని పెడుతున్నారు! అదే కలువను చంపేది, నీటి మీద పరుచుకుందంటే కింద వెలుగు చొరదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర పుష్పం కలువే, 2018లో ఆంధ్రప్రదేశ్ మల్లెకు మారింది. మల్లె నాకూ ఇష్టమే, కానీ మల్లెకు పెరళ్ళున్నాయి, కలువకు చెరువు తప్ప దిక్కు లేదు.

మొన్న సంక్రాంతికి వెళితే ఆ చెరువు సగం గుర్రపుడెక్కే. గట్టు పక్కన నాలుగు కలువాకులు మాత్రం మిగిలాయి, చీలిక చూసి గుర్తుపట్టాను.