‘వాక్యాన్ని ధ్యానించడం’ సరైన తెలుగేనా?

సందేహం: మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. ఆంగ్లికన్ పద్ధతిలో, అంటే ఇంగ్లండు సంఘం నుంచి వచ్చిన పద్ధతిలో, రోజూ చదివే బైబిలు భాగానికి తోడుగా వచ్చే చిన్న చిన్న వ్యాసాలను తెలుగు చేస్తున్నాం. ‘రిఫ్లెక్షన్’ అన్నచోట ‘ధ్యానం’ అని రాశాను. ధ్యానమంటే కళ్లు మూసుకుని కూర్చోవడం కదా, చదవడానికీ దానికీ పొంతన ఏముంది, ‘ప్రతిఫలనం’ అని మార్చండి అన్నారొకరు. ‘వాక్యాన్ని ధ్యానించాలి’, ‘వాక్యం మీద ధ్యానించాలి’ ఈ రెండిట్లో ఏది సరైనదో కూడా చెప్పగలరు.

సమాధానం: మీరు రాసిందే ఉంచండి. ప్రతిఫలనం అద్దానికీ నీళ్లకీ సరిపోయే మాట. ‘పొద్దున్నే యోహాను సువార్తను ప్రతిఫలించాను’ అంటే ఏ తెలుగువాడికీ అర్థం కాదు.

ధ్యానమంటే కళ్లు మూసుకోవడమే అన్న అర్థం యోగా క్లాసుల వల్ల ఈమధ్య బాగా బలపడింది. ఈ మాటకు మూలమైన ‘ధ్యై’ ధాతువుకు ధాతుపాఠం (సంస్కృత ధాతువుల పట్టిక) చెప్పిన అర్థం ‘చింతాయామ్’, అంటే ఆలోచించడం. సంస్కృతం దాకా వెళ్లకపోయినా మన ఇళ్లలో మాటే సాక్ష్యం. రెండుసార్లు పిలిచినా పలకని పిల్లాణ్ని ‘పరధ్యానంలో ఉన్నాడు’ అంటాం. వాడి కళ్లు తెరిచే ఉన్నాయి, మనసు మాత్రం ఇంకెక్కడో ఉంది. ధ్యానానికి కావలసింది మనసు ఒకదాన్ని పట్టుకుని ఉండడం. కళ్లు పుస్తకం మీద ఉన్నా అది ధ్యానమే అవుతుంది.

తెలుగు బైబిలు ఈ మాటను వాడిన తీరు చూడండి. ‘యెహోవా ధర్మశాస్త్రమునందు ఆనందించుచు దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు’ అని మొదటి కీర్తన. ఇక్కడ హీబ్రూలో ఉన్న క్రియ ‘హాగా’. లోగొంతుతో పలుకుతూ ఉండడం దాని అర్థం. యెషయా 31వ అధ్యాయంలో వేట మీద నిలబడి సింహం గుర్రుమనడానికీ ఇదే క్రియ వాడారు. అంటే పెదవులతో చదవడం, మనసులో తిప్పుకోవడం రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. మౌనంగా కూర్చోవడం గురించి అక్కడ ప్రస్తావనే లేదు.

ఆంగ్లికన్ సంప్రదాయానికి ఇది మరీ దగ్గర. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ 1549లో ఇంగ్లండు సంఘానికి ప్రార్థన పుస్తకం సిద్ధం చేసినప్పుడు, 150 కీర్తనలనూ నెలకోసారి పూర్తయ్యేలా ఉదయం, సాయంత్రం ప్రార్థనలకు పంచారు. 1662 నాటి పుస్తకంలోనూ ఆ వరస అలాగే ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీ ఉదయం మొదటి ఐదు కీర్తనలు వస్తాయి. అంటే పైన చెప్పిన కీర్తనతోనే నెల మొదలవుతుంది. 119వ కీర్తన పెద్దది కాబట్టి 24 సాయంత్రం నుంచి 26 సాయంత్రం దాకా ముక్కలుగా వస్తుంది. ‘దినమెల్ల నేను దానిని ధ్యానించుచున్నాను’ అన్న 97వ వచనం పడేది 25వ తేదీ సాయంత్రం. ఆ పద్ధతి పాటించేవాళ్లు నెలనెలా ఈ మాటలను నోటితో పలుకుతూనే ఉంటారు. అక్కడ చదవడాన్నీ ధ్యానాన్నీ విడదీసి చూడడం కుదరదు.

ఇక రెండో అనుమానం. ‘ధ్యాస’కు ‘మీద’ కావాలి: చదువు మీద ధ్యాస లేదు. ‘ధ్యానించు’కు ‘ని’ కావాలి: రాముణ్ని ధ్యానించాడు, దానిని ధ్యానించువాడు. కాబట్టి ‘వాక్యాన్ని ధ్యానించాలి’ అనండి. ‘వాక్యం మీద ధ్యానించాలి’ అనేది ఇంగ్లీషు వాక్యాన్ని ముందు పెట్టుకుని రాసినట్టుంటుంది. శీర్షికకు ‘అనుదిన వాక్యధ్యానం’ చక్కగా ఉంటుంది. వ్యాకరణంలో వాక్యానికి వేరే అర్థం ఉందని ఎవరైనా అడ్డు చెబితే, ‘ఆదియందు వాక్యముండెను’ అన్న యోహాను సువార్త మొదటి మాట చూపించండి. మన సంఘాల్లో వాక్యమంటే దేవుని మాట, వచనమంటే అంకె వేసిన చిన్న భాగం. ఈ తేడాలో తికమక ఏమీ లేదు.

ప్రతిసారీ ధ్యానమే రాయనక్కర్లేదు. లూకా సువార్తలో మరియ గొర్రెల కాపరుల మాటలను ‘హృదయములో తలపోసికొనుచు భద్రము చేసికొనెను’ అని ఉంది. తలపోయడం ఎంత చక్కటి మాట! మీ వ్యాసాలు రెండు మూడు పేరాలవే కనక, ‘ఈ మాటను కాసేపు తలపోద్దాం’ అంటే చదివేవాళ్ల మనసుకు ఇట్టే పడుతుంది.

అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి, ఈ పనిలో మీకు తప్పకుండా ఎదురవుతుంది. అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం) రెండో ఆదివారానికి క్రాన్మర్ రాసిన ప్రార్థనలో, లేఖనాలను ఎలా అందుకోవాలో ఐదు క్రియల్లో ఉంది. చివరిదాన్ని చాలామంది ‘జీర్ణించుకొని’ అని తెలుగు చేస్తారు. తప్పు కాదు. కానీ ఇప్పుడు ఆ మాట ‘ఓటమిని జీర్ణించుకోలేకపోతున్నారు’ లాంటి చోట్లే ఎక్కువగా వినిపిస్తోంది. చదువు ఒంటబట్టింది, ఒంటబట్టలేదు అంటాం చూడండి, ఆ ఒంటబట్టడమే ఇక్కడ కావాలి. ‘విని, చదివి, గమనించి, నేర్చుకుని, ఒంటబట్టించుకునేలా’ అని రాయండి. మొదటి క్రియ ‘విని’ని మాత్రం వదలొద్దు. 1549లో ఇంగ్లండు గ్రామాల్లో ఎక్కువమందికి చదవడం రాదు. 1912లో వి.ఎస్. అజరయ్య తెలంగాణలోని డోర్నకల్‌కు మొదటి బిషప్‌గా వచ్చినప్పుడు అక్కడి పల్లెల్లోనూ అంతే. వాళ్లంతా వాక్యాన్ని వినే నేర్చుకున్నారు.