అప్‌డేట్ ఆగిందని రోజువారీ ఫైనాన్స్ దగ్గరికి వెళ్తారా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. కంప్యూటర్ 2016లో కొన్నది. ఆరో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. సీ డ్రైవ్ 60 జీబీ, అందులో 3 జీబీ ఖాళీ. విండోస్ 10లో 22హెచ్2 అప్‌డేట్ 30 శాతం దాకా వెళ్లి, రీస్టార్ట్ అయి, మళ్లీ మొదటికొస్తోంది. ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్), ర్యామ్ వేస్తే 6,000 అవుతుందని మెకానిక్ అన్నాడు. కొత్తది 51,000. రోజువారీ ఫైనాన్స్ వాళ్లు 60,000కు రాసుకుని 51,000 చేతికిస్తారట, రోజుకు 600 చొప్పున వంద రోజులు కట్టాలి. బ్యాంకులో 14,000 ఉంది. నెలకు 5,000 చీటీ కడుతున్నాను. అద్దె, ఇంటి ఖర్చు కలిపి నెలకు 25,000. అప్పు తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. మెషీన్ మొరాయించగానే అప్పుకు పరిగెత్తడం చిన్న షాపుల వాళ్లలో మరీ ఎక్కువైంది, అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను.

ముందు వడ్డీ చూడండి. 60,000కు 9,000 కోత అంటే నూటికి పదిహేనే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తీరుతూ పోతుంది కాబట్టి సరిగా లెక్క కడితే ఏడాదికి నూటికి 120 పడుతుంది. అంటే పది రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా మొహం మీద పది రూపాయల వడ్డీ అడిగితే దండం పెట్టి వచ్చేస్తారు కదా! 2015 డిసెంబరులో కాల్‌మనీ బాధితులు, అంటే అధిక వడ్డీ అప్పులిచ్చి వేధించేవాళ్ల చేతిలో నలిగినవాళ్లు, బయటికొచ్చినప్పుడు విజయవాడ అట్టుడికింది. పక్కనే ఉండి మనం మరిచిపోతే ఎలా?

ఇక కంప్యూటర్. 3 జీబీ ఖాళీలో అంత పెద్ద అప్‌డేట్ దిగదు, కనీసం 20 జీబీ కావాలి. దేన్నీ ముట్టుకోకముందే కస్టమర్ల ఫైళ్లు, ఫాంట్లు బయటి డిస్క్‌లోకి కాపీ చేయండి. తర్వాత తేదీ చూడండి. స్విచ్ తీసి వేసిన ప్రతిసారీ పాత సంవత్సరం చూపిస్తుంటే మదర్‌బోర్డు మీద సీఆర్2032 బ్యాటరీ బిళ్ల అయిపోయినట్టు. తేదీ తప్పితే అప్‌డేట్ పంపే సర్వర్ అసలైనదేనని చూపే సర్టిఫికెట్ చెల్లదు, అప్‌డేట్ మొదలే కాదు. అది మార్చడానికి వంద రూపాయలు కూడా కాదు. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్‌లో పేరుకున్నవి డీ డ్రైవ్‌కు మార్చి, టెంపరరీ ఫైళ్లు తీసేయండి. సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ రెండూ ఆపి, విండోస్ ఫోల్డర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ పేరు మార్చండి. సగం దిగి పాడైన ఫైళ్లు అందులోనే ఉంటాయి. ఆ రెండూ మళ్లీ ఆన్ చేస్తే కొత్త ఫోల్డర్ అదే తయారవుతుంది. అప్పటికీ కాకపోతే పాడైన విండోస్ ఫైళ్లను బాగుచేసే రెండు కమాండ్లు నడపండి: డిస్మ్ రిస్టోర్‌హెల్త్, ఆ తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ.

డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు, అంటే చెడిపోయిన భాగాలు, ఉంటే ఇవేవీ నిలవవు. అప్పుడు ఆ 6,000 పెట్టండి, కానీ పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ (క్లోన్) చేసేటప్పుడు సీ డ్రైవ్‌ను 120 జీబీకి పెంచమనండి. లేదంటే ఏడాది తిరక్కుండా ఇదే గోల.

ఇది శాశ్వత పరిష్కారం కాదు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, మీ ఆరో తరం ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. అడ్డదారిన ఎక్కిస్తామంటారు, షాపు మెషీన్ మీద ఆ ప్రయోగం వద్దు. రోజంతా పదిమంది పెన్‌డ్రైవ్‌లు పెట్టే మెషీన్ అది, నెట్ బ్యాంకింగ్ అందులో చేయకండి. రిపేరుతో మీకు దొరికేది కొన్ని నెలల వ్యవధి. నాకు కావలసిందీ అదే.

రోజుకు 600 ఫైనాన్స్ వాడికి కట్టగలనని మీరే లెక్కేసుకున్నారు. ఆ 600 రిపేరైన రోజు సాయంత్రం నుంచే వేరే బ్యాంకు ఖాతాలో వేయండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి. రిపేరు పోగా మిగిలిన 8,000 కూడా అందులోకే. డెబ్బై రోజులకు 50,000, అంటే రెండు నెలల ఖర్చు. అది ఆపద నిధి, కంప్యూటర్ కోసం ముట్టుకోకూడదు. ఆ తర్వాత ఎనభై అయిదు రోజులకు కొత్త మెషీన్‌కు 51,000 విడిగా చేరుతుంది. మొత్తం అయిదు నెలలు, వడ్డీ సున్నా. ఆషాఢంలో పెళ్లికార్డులు ఉండవు కాబట్టి రోజుకు 200 వేసినా మిమ్మల్ని అడిగేవాడు ఉండడు. ఫైనాన్స్ కుర్రాడైతే ఆషాఢంలోనూ సాయంత్రం ఆరింటికి షాపు ముందు బండి ఆపుతాడు.

కంప్యూటర్ కొన్నాక కూడా ఆపకండి, నిధి ఆరు నెలల ఖర్చుకు, 1,50,000కు చేరాలి. ఆ నిధి ఉండి ఉంటే మీరు నాకీ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

చీటీ కొనసాగించండి, నష్టానికి పాడుకోవద్దు. మెషీన్ మధ్యలో పూర్తిగా చచ్చిపోతే బ్యాంకులో బంగారం పెట్టండి, అంతే. ఆరోగ్య బీమా లేకపోతే ఈ ఏడాదే తీసుకోండి.

కొత్తది కొనే రోజు మీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు వెంట తీసుకెళ్లి, డబ్బు కట్టకముందే వాటిని అందులో వేయించి, పాత పెళ్లికార్డు ఫైలు ఒకటి తెరిచి ప్రింట్ తీయించి చూడండి.