స్టంట్ స్కూటర్ కోసం గొలుసు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నా, జీతం 28 వేలు. అద్దె, చీటీ, ఫీజులు పోను నాలుగు వేలు మిగిలితే గొప్ప. పదో తరగతి చదివే మావాడు స్టంట్ స్కూటర్ కావాలని పట్టుబట్టాడు, మోటార్ ఉండదు, కాలితో తోసుకుంటా ఎగురుతారే అది. మడతపడేది 4,200, మడత లేనిది 11,500, బయటి దేశం నుంచి తెప్పించేది 24 వేలు. ఖరీదైంది కొంటే మళ్ళీ ఖర్చుండదంటాడు. మా ఆవిడ గొలుసు పెడదామంటంది, ఫ్రెండ్ నో కాస్ట్ ఈఎంఐ అంటన్నాడు. ఏం చెయ్యాలి?

జవాబు: అన్నా, ముందు ఆ గొలుసు జోలికి పోవద్దు. పంటకో ఆస్పత్రికో బంగారం పెట్టారంటే అర్థం ఉంది, స్కూటర్ అట్టా కాదు, అది కొన్నాక కూడా నెలనెలా ఇంకాస్త అడిగిద్ది. నో కాస్ట్ ఈఎంఐ కూడా పేరుకే. సున్నా వడ్డీ స్కీములు కుదరవని ఆర్‌బీఐ 2013లోనే చెప్పేసింది, ఇప్పుడు ఆ వడ్డీని డిస్కౌంట్ పేరుతో ముందే తగ్గించి చూపిస్తారు, బ్యాంకు మాత్రం వడ్డీ వేస్తానే ఉంటది, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే దానిమీద 18 శాతం జీఎస్టీ మీ నెత్తినే, చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు కూడా.

4,200ది వద్దే వద్దు. ఎగిరి దిగిన ప్రతిసారీ దెబ్బంతా ఆ మడత జాయింట్ మీదే పడిద్ది, అక్కడ విరిగితే పిల్లోడి మూతి పళ్ళు పోతాయి. 24 వేలది మంచి సరుకే, కాదనను, కానీ కస్టమ్స్ డ్యూటీ, దిగుమతి మీద వేసే జీఎస్టీ (ఐజీఎస్టీ), కొరియర్ వాళ్ళ ఛార్జీ అన్నీ పార్సెల్ గుమ్మం ముందుకొచ్చాక తెలుస్తాయి, ఏదన్నా పగిలితే వెనక్కి పంపడం మీవల్ల అయ్యే పని కాదు. ఖరీదైందానికి ఖర్చుండదు అన్నది కూడా నిజం కాదు, చక్రాలు, గ్రిప్పులు ఎంత పెట్టి కొన్నా అరుగుతాయి.

అందుకే 11,500ది చాలు. వీధిలో తొక్కేదానికి డెక్, అంటే కాళ్ళు పెట్టి నిలబడే పలక, కనీసం అయిదంగుళాల వెడల్పుండాలి, చివర్లు చదరంగా ఉంటే గట్టు అంచున జారేటప్పుడు నిలబడిద్ది. హ్యాండిల్ బార్ అల్యూమినియం కన్నా క్రోమోలీ స్టీల్‌ది (క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు) తీసుకోండి, బరువుగా ఉన్నా దెబ్బలకి ఓర్చుకుంటది, డెక్ మీద నిలబడితే నడుము దాకా రావాలి. చక్రం 110 మిల్లీమీటర్లు, మధ్య కోర్ లోహంది అయ్యుండాలి, ప్లాస్టిక్ కోర్ పగిలిద్ది. ఇంకోటి, కంప్రెషన్, అంటే బార్‌ని, ముందు చక్రం ఫోర్క్‌ని వదులు లేకుండా బిగించి పట్టే అమరిక, ఏ రకమో రాయించుకోండి. వాటిలో ఎస్‌సీఎస్, ఐహెచ్‌సీ, హెచ్‌ఐసీ అని రకాలున్నాయి. ఎస్‌సీఎస్ అయితే బార్ కింద చీలిక ఉండకూడదు, ఐహెచ్‌సీ, హెచ్‌ఐసీ అయితే ఉండాలి, ఇది తెలీకుండా రేపు బార్ మారిస్తే ఆ డబ్బు వృథా.

బేరింగుల దగ్గర మీకు బాగా కలిసొచ్చిద్ది. ఈ స్కూటర్లకి మామూలుగా వచ్చేది 608 బేరింగే, లోపల 8, బయట 22, మందం 7 మిల్లీమీటర్లు, చిన్న చిన్న మెషీన్లలో వాడేదే. స్పోర్ట్స్ పేరుతో అమ్మే డబ్బా కొనక్కర్లేదు, ఒంగోలులో ఏ బేరింగ్ షాపులో అయినా రబ్బరు సీలుది అడగండి, రెండు చక్రాలకి కలిపి నాలుగు. మీ ఊళ్ళో గాలంతా రాతి పొడే కాబట్టి తొక్కొచ్చాక పొడిగుడ్డతో తుడవమనండి, పైపుతో నీళ్ళు కొట్టి కడగొద్దు, తుప్పు పట్టేది అక్కడే.

ముందు చక్రం కాస్త ఎత్తి వదిలితే టకటకమని శబ్దం వస్తందంటే హెడ్‌సెట్, అంటే బార్ తిరిగేచోట ఉండే బేరింగులు, వదులైనట్టు. బార్‌ని చుట్టూ పట్టి ఉంచే క్లాంప్ బోల్టులు వదులు చేసి, కంప్రెషన్ బోల్టు బిగించి, బార్ నేరుగా చూసుకొని, ఆఖర్న క్లాంప్ బిగించాలి, ఈ వరస మారితే ఆ ఊగుడు పోదు. ఆలెన్ కీ సెట్ (ఆ బోల్టులు తిప్పే ఆరు పలకల రెంచీలు) కొనిచ్చి ఈ పని వాడిచేతే చేయించండి. డెక్ ముందుభాగంలో వెల్డింగ్ దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించినా తొక్కడం ఆపాలి, మన వెల్డింగ్ షాపులో అతికిస్తే సరిపోద్ది అనుకోవద్దు, అల్యూమినియంకి హీట్ ట్రీట్‌మెంట్‌తో వచ్చిన బలం ఆ వేడికి పోద్ది. బార్ చివర మూతలు ఊడితే ఆరోజే పెట్టించండి, ఆ బోలు గొట్టం మీద పడితే కడుపులో దిగిద్ది.

డబ్బు సంగతికొస్తే స్కూటర్ 11,500, హెల్మెట్, మోకాలి ప్యాడ్లకి 2,500, అంతా 14 వేలు. నెలకి 3,500 పక్కన పెడితే నాలుగు నెలలు, పరీక్షలు అయిపోయాక చేతికిస్తే సరిపోద్ది, అప్పు లేదు. హెల్మెట్ లేకుండా ఒక్కరోజు కూడా ఇవ్వొద్దన్నా, చేతులెత్తి అడుగుతున్నా. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా నడుపుకునే సేవింగ్స్ ఖాతా చాలా బ్యాంకుల్లో ఉంది, అది తెరిచి నెలకి 300 వేయండి, చక్రాలు, గ్రిప్పులు వాడు అందులోంచే కొనుక్కోవాలి, మధ్యలో మీరు కలపొద్దు. బ్లాకుల లారీలు తిరిగే కర్నూలు రోడ్డు మీదకి మాత్రం పంపొద్దు. ఫ్యాక్టరీలో పక్కన పడేసిన గెలాక్సీ గ్రానైట్ ముక్క ఒకటి అడిగి తెచ్చి ఇంటి ముందు కదలకుండా వేయించండి, స్కూటర్ తొక్కేవాళ్ళు అంచున జారడానికి వెతుక్కునే గట్టు అదే.

ఇంకొక్కటి. మీ జీతం ఈఎస్‌ఐ 21 వేల పరిమితి దాటింది కాబట్టి చెయ్యి విరిగితే ఆ ఖర్చు మీదే. ఫ్యామిలీ హెల్త్ పాలసీ ఉందో లేదో మీరు రాయలేదు. సాహస క్రీడల మినహాయింపు మామూలుగా ప్రొఫెషనల్‌గా ఆడేవాళ్ళకే, సరదాగా తొక్కే పిల్లలకి కాదు, అయినా పాలసీ కాగితంలో ఆ లైను చూసుకోండి. ఫ్యాక్టరీ గ్రూప్ పాలసీ ఉంటే అందులో పిల్లాడి పేరుందో లేదో స్కూటర్ ఆర్డర్ పెట్టకముందే ఆఫీసులో అడగండి.